ఓర్వియేటోలో ఒక రాత్రి ఉండు

అమ్మలూ,

సెలవుల్లో ఇటలీలోని కొండ మీది ఊరు ఓర్వియేటో చూసి సాయంత్రానికల్లా రోముకు వచ్చేస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. అలా మాత్రం చేయకు. రోములో ఉన్న రోజుల్లో నేనూ మొదటిసారి అలాగే వెళ్ళాను. మధ్యాహ్నం కొట్లన్నీ మూసేశారు, మళ్ళీ తెరిచేసరికి నా రైలు వేళయిపోయింది. ఒక రాత్రి అక్కడే ఉండు.

రోములోని పెద్ద స్టేషన్ టెర్మినీలో రైలెక్కితే గంట పైచిలుకు ప్రయాణం. కాగితం టికెట్ అయితే ఎక్కేముందే ప్లాట్‌ఫారం మిషన్‌లో ముద్ర వేయించుకో, లేదంటే జరిమానా కట్టిస్తారు. స్టేషన్ కింద, ఊరు కొండ మీద. ఎదురుగానే తీగతో లాగే రైలుబండి ఉంటుంది. పైన దిగగానే పక్కనే సాన్ పాత్రీజియో బావి. ముందు అదే చూడు.

ఆ కొండంతా అగ్నిపర్వతపు బూడిద గట్టిపడిన రాయి. నిటారుగా ఉంటుంది కనుక శత్రువుల భయం తక్కువ, నీళ్ళకే కటకట. 1527లో సైనికులు రోమును దోచుకున్నప్పుడు పోపు ఏడవ క్లెమెంట్ ఇక్కడికే పారిపోయి వచ్చాడు. ముట్టడిలో దాహంతో చావకూడదని ఈ బావి తలపెట్టాడు. లోతు 53 మీటర్లు. మన దిగుడుబావిలాంటిదే గానీ, మెట్లదారులు రెండు, ఒకదాన్నొకటి చుట్టుకుంటూ దిగుతాయి. నీళ్ళు మోసే కంచర గాడిదలు ఒక దారిన దిగి, అడుగున చిన్న వంతెన దాటి, రెండో దారిన పైకెక్కేవి. ఒకదానికొకటి ఎదురుపడేవే కావు! మెట్లు వెడల్పుగా, ఎత్తు తక్కువగా ఉన్నది వాటి కోసమే. గోడ కిటికీలోంచి తల పెట్టి పైకి చూడు, ఆకాశం పళ్ళెమంతే కనిపిస్తుంది. 248 మెట్లు, తొందరపడకు. లోపల చలి, స్వెట్టర్ మరవకు.

పెద్ద చర్చికి పొద్దు వాలాక వెళ్ళు. 1290లో మొదలుపెట్టిన కట్టడం, పక్కగోడలు నలుపు తెలుపు చారలు. ఎండ ఏటవాలుగా పడితే ముఖభాగం మీది బంగారు మొజాయిక్ మండుతున్నట్టు ఉంటుంది. అందరూ పైకే చూస్తారు. నువ్వు స్తంభాల మొదట్లో పాలరాతి చెక్కడాలు చూడు. నిద్రపోతున్న ఆదాము పక్కటెముక నుంచి దేవుడు హవ్వను తీస్తుంటాడు. లోపలికి వెళ్ళేటప్పుడు భుజాల మీద చున్నీ కప్పుకో.

మర్నాడు బస్సులో బాన్యోరేజో అనే ఊరికి వెళ్ళి, నడకవంతెన మీదుగా చీవితా అనే పాత కొండ ఊరికి వెళ్ళు. ఆదివారం పెట్టుకోకు, బస్సులు నమ్మలేం. అక్కడా ఇలాంటి రాయే, కానీ కింద బంకమట్టి కరిగిపోతూ అంచులు కూలుతుంటాయి. మధ్యయుగపు క్రైస్తవ పండితుడు సెయింట్ బొనవెంతూరా పుట్టిన ఇల్లు ఎప్పుడో లోయలో కలిసిపోయింది. వంతెన మీద కాసేపు ఆగి, ఆ మట్టిగట్లు చూడు. తిరుగు బస్సు వేళ మాత్రం దిగగానే రాసుకో.

మీ పెద్దమ్మ