పాత ఫిలిప్పీన్స్ వాంపైర్ సినిమాలు భయపెడతాయా, నవ్విస్తాయా?

రెండూ. కాకపోతే ఎవరి పక్కన కూర్చుని చూస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

నేను ఫిలిప్పీన్స్‌లోని దావావ్‌లో మెడిసిన్ చదివాను. "అంతా ఇంగ్లీషు మీడియమే, అక్కడి భాషతో పనిలేదు" అని చెప్పి పంపిన కన్సల్టెన్సీవాడు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. క్లాసులో ఇంగ్లీషే. బజారుకెళ్లి ఉల్లిపాయలు కొనాలన్నా అక్కడి భాష బిసాయ రావాలి. సినిమాలు చూస్తే భాష వచ్చేస్తుందని మొదలుపెట్టాం. తీరా అవన్నీ టగాలోగ్ అనే ఇంకో భాషలో ఉంటాయని తర్వాత తెలిసింది.

అలా ఒక గుడ్ ఫ్రైడే రాత్రి 'షేక్, రాటిల్ అండ్ రోల్' పెట్టాం. 1984 సినిమా, మూడు కథలు. దీన్ని హారర్ అంటారు గానీ నా లెక్కలో సగం కామెడీయే. మనుషుల మీద కన్నేసి మింగేసే ఫ్రిజ్ కథ ఒకటుంది, దానికి ఇంకేం పేరు పెడతారు? అసలు సరుకు మాత్రం అందులోనే పేకే గల్యాగా తీసిన 'మననంగ్గల్' కథ. ఆ పేరు అందులోని దెయ్యానిదే. పగలు అందమైన అమ్మాయి. రాత్రయితే నడుము దగ్గర రెండుగా విడిపోయి, కాళ్లను అక్కడే నిలబెట్టి, పైసగం రెక్కలతో ఎగిరిపోతుంది. కథ జరిగేది కూడా గుడ్ ఫ్రైడే రోజే. ఆ రోజు దేవుడు ఉండడు కాబట్టి వీటికి బలం ఎక్కువని అక్కడివాళ్ల నమ్మకం. హీరో కుర్రాడు హెర్బర్ట్ బౌటిస్టా తర్వాత కేసోన్ సిటీ మేయరయ్యాడు. సినిమావాళ్లను గద్దెనెక్కించడంలో వాళ్లూ మనకేం తీసిపోరు.

మా ఇంటి ఓనరు టీటా (ఆంటీ అన్నమాట) కూడా వచ్చి కూర్చుంది. ఆవిడది కాపిజ్ అనే ప్రాంతం. దేశంలో దెయ్యాలన్నీ కాపిజ్‌లోనే పుడతాయని పేరు. ఊరు చెప్పగానే అందరూ ఆవిడ నడుము వైపు చూస్తారట. సినిమాకి ముందే మాకో ముక్క చెప్పి ఉంచింది: ఆ జాతి దగ్గరకొచ్చేటప్పుడు టిక్ టిక్‌మని చప్పుడవుతుంది, గట్టిగా వినిపిస్తే దూరంగా ఉన్నట్టు, సన్నబడితే నెత్తిమీదకొచ్చినట్టు.

సరిగ్గా అది ఇంటిమీద పడే సీన్లో కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది. చీకట్లో టిక్... టిక్... మెల్లగా సన్నబడుతోంది. "దగ్గరకొస్తోంది రా మామా!" అని గుంటూరు రూమ్మేటు నా చెయ్యి పట్టుకుంటే గోళ్లు దిగాయి. అది మా పాత సీలింగ్ ఫ్యాను. కరెంటు పోయాక ఆగుతూ చేసే చప్పుడు. నాకది తెలుసు. తెలిసీ అరిచాను.

టీటా నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ, "ఉప్పు, వెల్లుల్లి తెండి, వదిలేసిన కాళ్లమీద చల్లితే మళ్లీ అతుక్కోలేదు" అంది. మా గుంటూరువాడు చీకట్లోనే పోయి వాళ్లమ్మ పంపిన ఆవకాయ సీసా పట్టుకొచ్చాడు. "ఇందులో రెండూ ఉన్నాయి టీటా, పైగా కారం కూడా."

ఇందుకే అంటాను, డ్రాకులా కంటే మననంగ్గల్ వందరెట్లు నయం. ఆయనకు కోట కావాలి, శవపేటిక కావాలి. ఈవిడకు ఇంటి వెనక అరటితోట చాలు. ఫిలిప్పీన్స్‌వాళ్లు డ్రాకులా బాపతు కూడా వదల్లేదనుకోండి. 1964లో గెరార్డో డి లియోన్ తీసిన 'కులాయ్ దుగో అంగ్ గబి'లో గుండు, నల్లకళ్లద్దాలతో ఒక వాంపైర్ డాక్టరు. హీరోయిన్‌కి డబుల్ రోలు, కవలలు. ఒకామె గుండె రెండో ఆమెకి పెట్టాలని వాడి తాపత్రయం. కలర్ ఫిల్ము అందరికీ అందని రోజులు కాబట్టి కొన్ని సీన్లే రంగుల్లో తీసి, మిగతా బ్లాక్ అండ్ వైట్‌కి ఎరుపు, నీలం పులిమారు. నవ్వించాలని తీసింది కాదు, నాకు మాత్రం నవ్వు ఆగలేదు. 1967లో ఒక సినిమాలో బ్యాట్‌మ్యాన్‌కీ డ్రాకులాకీ కొట్లాట కూడా పెట్టించారు. దాని ప్రింటు ఇప్పుడు ఎక్కడా దొరకదు. అలాంటిది పోగొట్టుకున్న లోకం మీద నాకు కోపం.

చూడాలంటే 'మననంగ్గల్'తో మొదలుపెట్టండి, ఫ్యాను కట్టేసి. అన్నట్టు, ఆ సీసా టీటా దగ్గరే ఉండిపోయింది. చింతపండు పులుసులా ఉండే వాళ్ల సినిగాంగ్‌లో నంజుకుని, ఈస్టర్ వెళ్లాక ఖాళీది కడిగిచ్చింది.