కాలువ కట్టేశాక

ముక్తేశ్వరం

అమ్మాయీ,

నీ కథ అందింది. రాత్రి ఒకసారి, పొద్దున్నే కాఫీ తాగుతూ ఇంకోసారి చదివాను. నాలుగో పేజీలో "గ్రామస్తులు భయంతో పరుగులు తీశారు" అన్న చోట ఒళ్లు మండింది. వియత్నాం గెరిల్లా నాయకుడికి కళ్లు, మీసం, తుపాకీ నంబరుతో సహా పేజీన్నర ఇచ్చి, ఊరంతటికీ కలిపి ఒక్క వాక్యమా? పొయ్యి మీది అన్నం ఏమైంది? గేదెను ఎవరు విప్పారు? హెలికాప్టర్లో కూర్చున్న కెమెరావాడికి కనబడినంతే నీకూ కనబడింది.

ప్రజలు నీళ్లు, గెరిల్లాలు చేపలు అన్న మావో మాట నాయకుడి చేత చెప్పించావు. నువ్వు కోనసీమ పిల్లవి కదా, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు గట్టు మీద నిలబడి చూశావా ఎప్పుడైనా? నీళ్లు తీసేసరికి ముందు చచ్చేవి పరిగెలు, ఆ చిన్న చేపలు. తెల్లగా పొట్టలు పైకెట్టి, ఎండకి కంపు కొడుతూ. కొర్రమీను బురదలోకి దూరి కూర్చుంటుంది. గెరిల్లాల కోసం సైన్యాలు చేసిందీ అదే, నీళ్లు తీసేయడం. మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో, బ్రిటిష్‌వాళ్లు 1950 నుంచి సుమారు 5 లక్షల మందిని ముళ్లకంచెల ఊళ్లలోకి తోలారు. దక్షిణ వియత్నాంలో 1962లో దానికే ‘వ్యూహాత్మక గ్రామాలు’ అని పేరెట్టారు. నువ్వు రాసింది కొర్రమీను కథ. పరిగెల కథ ఎవరు రాస్తారు?

వియత్నాంలో మై లై అనే ఊరి గురించి చదువు. 1968 మార్చి 16. అమెరికా సైన్యం పైకి పంపిన లెక్క: శత్రువులు 128 మంది హతం, దొరికిన తుపాకులు 3. ఆ 128ని మర్నాడు పత్రికలు గెలుపుగా అచ్చేశాయి. సీమోర్ హెర్ష్ అనే అమెరికన్ విలేకరి అసలు సంగతి బయటపెట్టేసరికి 1969 నవంబరు వచ్చింది. వియత్నాంవాళ్ల లెక్కలో చనిపోయింది 504 మంది. ఆడవాళ్లు, ముసలివాళ్లు, చంటిపిల్లలు. అందుకే హతం అన్న మాట ఎక్కడ కనబడినా నేను ముందు తుపాకుల లెక్క చూస్తాను.

ఇది పుస్తకాల్లో నేర్చుకున్నది కాదులే. పత్రికకి కంట్రిబ్యూటరుగా, అచ్చయిన లైన్ల లెక్కన డబ్బులిచ్చే లైన్ అకౌంట్ మీద బతికే రోజుల్లో, ఏజెన్సీ అడవుల్లో కాల్పులంటే బస్సెక్కి వెళ్లాను. ఇద్దరు పోయారు. ఒకడి వేళ్లకి బీడీ ఆకు కట్టలు కట్టే నార అలాగే చుట్టుకుని ఉంది. అతని పేరు, నార సంగతి రాసి పంపాను. "ఎదురుకాల్పుల్లో ఇద్దరు తీవ్రవాదులు హతం" అని వచ్చింది. ఫోన్ చేస్తే, చోటు లేదయ్యా అన్నాడు డెస్కులో పెద్దమనిషి. పక్కనే నగల కొట్టు ప్రకటన, అరపేజీ. ఆ వార్తకి నాకు పదకొండు రూపాయలొచ్చాయి. తీసుకున్నాను కూడా.

పోటీకి పంపమంటారా అని అడిగావు. పోటీల సంగతి నన్నడక్కు. తుపాకీ పేలిన కథకే బహుమతిచ్చే జడ్జీలతో నాకు పాత తగాదాలున్నాయి.

చివర్లో ఒక ముసలమ్మ తలుపు గడియ పెట్టి, నాలుగడుగులేసి, మళ్లీ వెనక్కొచ్చి కోళ్లగూడు తెరిచి పోయింది చూడు. అది బాగుంది. ఆవిడ పేరేమిటి? అక్కణ్నుంచి మొదలెట్టి మళ్లీ రాయి. ఈసారి ఫోన్లో వద్దు, పోస్టులో పంపు. నా కళ్లకి ఆ అక్షరాలు ఆనడం లేదు.

మీ మాస్టారు