స్ట్రక్చరల్ రెండుసార్లు తప్పింది, మూడోసారీ అదేనా?

ప్రశ్న: నమస్కారం సర్. ఇండియాలో బీటెక్ సివిల్, అమెరికాలో స్ట్రక్చరల్ ఇంజినీరింగ్‌లో ఎంఎస్ చేశాను. ఇంజినీరు లైసెన్సుకు తొలి మెట్టైన ఎఫ్‌ఈ పరీక్ష మొదటిసారే పాసయ్యాను. నాలుగున్నరేళ్లుగా ఇక్కడే ఒక ల్యాండ్ డెవలప్‌మెంట్ కన్సల్టెన్సీలో ఉద్యోగం. డ్రైనేజీ రిపోర్టులు, స్టార్మ్ సీవర్లు, వాననీటిని ఆపి వదిలే డిటెన్షన్ పాండ్లు, సైట్ గ్రేడింగ్ చూస్తాను. చదివింది స్ట్రక్చర్స్ కదా అని లైసెన్సు కోసం రాసే పీఈ (ప్రొఫెషనల్ ఇంజినీర్) సివిల్ పరీక్షలో స్ట్రక్చరల్ పేపర్ రాశాను. పోయిన అక్టోబరులో ఒకసారి, ఈ ఫిబ్రవరిలో మరోసారి తప్పింది. తప్పినప్పుడు వచ్చిన రెండు రిపోర్టులూ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. లోడ్స్, అనాలిసిస్‌లో పాసైనవాళ్ల సగటుకు దగ్గరగానే ఉన్నాను. కాంక్రీటు, స్టీలు మెంబర్ల డిజైన్, డీటెయిలింగ్ మాత్రం బాగా కిందికి ఉన్నాయి. ట్రాన్స్‌పోర్టేషన్ తేలిక, అది రాసెయ్ అంటోంది స్నేహితురాలు. వాటర్ రిసోర్సెస్ రాయమంటున్నారు మా మేనేజర్. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి, స్ట్రక్చరలే మళ్లీ రాయి అంటున్నారు మావారు. నాకేమో జూన్‌లోనే రాసేసి దీన్ని వదిలించుకోవాలని ఉంది. ఏది రాయమంటారు?

జవాబు: అమ్మా, మీవారు చెప్పిన సామెత మంచిదే. కాకపోతే ఏం పోగొట్టుకున్నారో, ఎక్కడ పోగొట్టుకున్నారో ముందు తేలాలి. అది తేల్చే కాగితం మీ దగ్గరే ఉంది. చాలామంది ఫెయిల్ అని కనపడగానే ఆ డయాగ్నస్టిక్ రిపోర్టును మూసేస్తారు. మీరు రెండూ పక్కపక్కన పెట్టి చూశారంటే సగం పని అయినట్టే.

ఆ రిపోర్టులో మార్కుల శాతం ఉండదు. ఒక్కో అంశంలో మీరు ఎక్కడున్నారో 0 నుంచి 15 వరకు ఉన్న స్కేలు మీద చూపించి, పాసైనవాళ్ల సగటు ఎక్కడుందో పక్కన పెడతారు. పొట్టిగా కనిపించిన గీత మీద పడి ఏడవకుండా, ఆ అంశంలో ఎన్ని ప్రశ్నలున్నాయో కూడా చూడండి. మూడు ప్రశ్నలున్న చోట సున్నా వచ్చినా పెద్ద నష్టం లేదు, ఇరవై ప్రశ్నలున్న చోట సగటుకు కాస్త తగ్గినా మునిగినట్టే. ఇక గీతల తీరు చూడాలి. అన్ని అంశాల్లోనూ సమానంగా కొద్దికొద్దిగా తగ్గితే అది టైం సమస్య అయ్యే అవకాశం ఎక్కువ. 8 గంటల్లో 80 ప్రశ్నలంటే ప్రశ్నకు 6 నిమిషాలు. అలాంటివాళ్లకు పేపర్ మార్చమని నేనెప్పుడూ చెప్పను, ఎందుకంటే నెమ్మదితనం కొత్త పేపర్‌లోకీ వెంట వస్తుంది. ఒకటి రెండు అంశాల్లోనే గొయ్యి పడి, రెండో ప్రయత్నంలో ఆ గొయ్యి కొంత పూడిందనుకోండి, అప్పుడు మీవారి సామెత అక్షరాలా నిజం. అదే పేపర్ రాయాలి.

మీ విషయంలో గొయ్యి పూడలేదు. నాలుగు నెలలు చదివాక కూడా అక్కడే, అంతే లోతులో ఉంది. లోడ్స్, అనాలిసిస్ బాగున్నాయంటే ఎంఎస్‌లో నేర్చుకున్నది మీ దగ్గర భద్రంగా ఉందన్నమాట. మీకు అందనిది కోడ్, అంటే డిజైన్ నిబంధనల పుస్తకం వాడకం. కాంక్రీటుకు ఏసీఐ 318, స్టీలుకు ఏఐఎస్‌సీ మాన్యువల్, లోడ్లకు ఏఎస్‌సీఈ 7, ఇవి కాక కర్రకు, ఇటుక కట్టడానికి, వంతెనలకు వేరే కోడ్‌లు. పరీక్షలో ఇవన్నీ స్క్రీన్ మీద ఇస్తారు గానీ, ఫలానా నిబంధన ఫలానా చాప్టర్లో ఉంటుందని చేతికి తెలిసినవాళ్లకే ఆరు నిమిషాల్లో దొరుకుతాయి. రోజూ ఆఫీసులో బీములు డిజైన్ చేసేవాళ్లకు అది ఉద్యోగమే నేర్పుతుంది. మీరు పగలంతా పాండ్ వాల్యూములు లెక్కేసి, రాత్రి ఎనిమిదింటికి కొత్త మనిషిలా కోడ్ తెరుస్తున్నారు. అక్కడే పోయింది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. పుస్తకాలను చక్రాల సూట్‌కేసులో వేసుకుని పరీక్ష హాలుకు ఈడ్చుకెళ్లిన కాలం మాది. ఏప్రిల్‌లో తప్పితే మళ్లీ అక్టోబరు దాకా ఆగాలి. మొదటిసారి తప్పగానే ఉక్రోషంతో పేపర్ మార్చేశాను, రెండోసారి గట్టెక్కాను. చాలా ఏళ్లు దాన్ని నా తెలివే అనుకున్నాను. అసలు కారణం వేరు. అప్పట్లో ఉదయం సగం సివిల్ వాళ్లందరికీ ఒకటే, మధ్యాహ్నం సగం మాత్రమే ఎంచుకున్న శాఖది. మారినా సగం చదువు చేతిలోనే ఉండేది. 2022 జనవరి నుంచి పరీక్ష కంప్యూటర్ మీదికి వచ్చింది. 2024 ఏప్రిల్ నుంచి ఆ ఉమ్మడి సగం కూడా పోయింది. ఇప్పుడు కన్‌స్ట్రక్షన్, జియోటెక్నికల్, స్ట్రక్చరల్, ట్రాన్స్‌పోర్టేషన్, వాటర్ రిసోర్సెస్ అండ్ ఎన్విరాన్‌మెంటల్ అనే ఐదూ దేనికది పూర్తి పేపర్. మట్టి, ప్రాజెక్టు ప్లానింగ్ లాంటివి కొన్ని ఇటూ అటూ కలిసినా, మారడం నా రోజుల్లోకన్నా ఖరీదైన నిర్ణయమే. పాత సలహాలు ఇచ్చే సీనియర్లకు ఈ తేడా తెలియకపోవచ్చు.

అంత ఖరీదైనా సరే, మీరు మారాల్సిందే అంటాను. వాటర్ రిసోర్సెస్‌కే మారాలి. మీ మేనేజర్ మాట వినండి.

ట్రాన్స్‌పోర్టేషన్ గురించి ఒక్క ముక్క. మీ స్నేహితురాలు ఏం ఉద్యోగం చేస్తోందో మీరు రాయలేదు, రోడ్ల పనే అయ్యుంటుందని నా ఊహ. హారిజాంటల్ కర్వులు, సిగ్నల్ టైమింగులు రోజూ చూసేవాళ్లకు అది తేలికే. అందులోనూ రోడ్ల డిజైన్‌కు గ్రీన్ బుక్, హైవే కెపాసిటీ మాన్యువల్, ట్రాఫిక్ గుర్తులకు ఎంయూటీసీడీ అంటూ లావుపాటి గ్రంథాలున్నాయి. ఒక కోడ్ గుట్ట దిగి ఇంకో కోడ్ గుట్ట ఎక్కడం మీకు దేనికి? దాంతో పోలిస్తే వాటర్ పేపర్‌కు బయటి స్టాండర్డ్‌ల బరువు తక్కువ, ఎక్కువ భాగం ఈ పరీక్ష పెట్టే ఎన్‌సీఈఈఎస్ వాళ్ల రిఫరెన్స్ హ్యాండ్‌బుక్‌తోనే నడుస్తుంది. మీ బలహీనత కోడ్ వెతకడమే కాబట్టి ఈ తేడా మీకు చాలా పెద్దది.

అలాగని ఉద్యోగం చేస్తున్నదే కదా అని ధీమాగా వెళ్లకండి. హైడ్రాలజీ, ఓపెన్ చానెల్, పైపుల్లో ప్రవాహం మీకు తెలిసినవే, కానీ లెక్క మీ బదులు సాఫ్ట్‌వేర్ చేస్తోంది. వాననీటి ప్రవాహం కట్టే రేషనల్ మెథడ్‌లో క్యూ = సీఐఏ చేత్తో వేసి ఎన్నాళ్లైంది? కర్వ్ నంబర్ తీసుకుని రనాఫ్ లోతు కాగితం మీద కట్టి ఎన్నాళ్లైంది? కాలువలో ప్రవాహానికి బీటెక్‌లో మీటర్లలో నేర్చుకున్న మానింగ్స్ ఫార్ములాకు ఇక్కడ అడుగుల్లో 1.486 ముందు తగులుతుంది. అది మర్చిపోతే వచ్చే తప్పు జవాబు కూడా ఆప్షన్లలో మిమ్మల్ని చూసి నవ్వుతూ కూర్చుని ఉంటుంది. ఇక తాగునీటి శుద్ధి, మురుగునీటి శుద్ధి, నీటి నాణ్యత, భూగర్భజలం, బావులు మీ ఆఫీసులో తగలనే తగలవు. వీటిని మొదటి నుంచీ చదవాలి. చదివే టైములో సగం వీటికే పోనివ్వండి.

స్ట్రక్చర్స్ వదిలేస్తున్నానన్న బెంగ మీ ఉత్తరంలో ఎక్కడా రాయలేదు గానీ, ‘చదివింది స్ట్రక్చర్స్ కదా’ అన్న మాటలో వినపడింది. చాలా రాష్ట్రాల్లో లైసెన్సు మీద ప్రొఫెషనల్ ఇంజినీర్ అనే ఉంటుంది, ఏ పేపర్ రాసి పాసయ్యారో ఉండదు. కాలిఫోర్నియా లాంటి చోట సివిల్ అని రాస్తారు, అయినా అందులో ఏ శాఖ పేపరో రాయరు. ప్లాన్ల మీద వేసే ఇంజినీరు సీల్ (ముద్ర) మాత్రం మీకు నిజంగా పట్టున్న పని మీదే వెయ్యాలి. ఇవాళ మీ బల్ల మీదున్నవి డ్రైనేజీ ప్లాన్లే. రేపు వంతెనల వైపో భవనాల వైపో వెళ్లాలనిపించినా ఈ పేపర్ అడ్డు కాదు. ఇల్లినాయిస్ లాంటి చోట స్ట్రక్చరల్ ఇంజినీర్ లైసెన్సే వేరు, దానికి రాసే నాలుగు భాగాల ఎస్‌ఈ పరీక్ష కూడా వేరు. ఒకవేళ ఆర్నెల్లలో స్ట్రక్చరల్ ఉద్యోగంలోకి మారడం ఖాయమైతే నా సలహా తిరగబడుతుంది. అక్కడ ఏడాది పనిచేసి, కోడ్‌లు చేతికొచ్చాక స్ట్రక్చరలే రాయండి.

జూన్ వద్దు. ఎన్‌సీఈఈఎస్ లెక్కలో మూణ్నెల్ల విండోకు ఒక ప్రయత్నం, 12 నెలల్లో మొత్తం మూడు. మొదటి ప్రయత్నం నుంచి ఆ 12 నెలలు లెక్కపెడతారు. జూన్‌లో కంగారుగా రాసి తప్పితే మూడూ అయిపోయి అక్టోబరు దాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. పేపర్ మారిస్తే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుందన్న ఆశతో ప్లాన్ వేసుకోకండి. పైగా లైసెన్సు ఇచ్చే కొన్ని రాష్ట్రాల బోర్డులు ఇంతకన్నా కఠినంగా ఉంటాయి. మీ బోర్డుకు ఇప్పుడే మెయిల్ పెట్టి, పేపర్ మార్చడానికి వాళ్ల అనుమతి కావాలా, రెండుసార్లు తప్పినందుకు కొత్త అప్లికేషన్ ఏమైనా కావాలా అని రాతపూర్వకంగా తెలుసుకోండి. ప్రయత్నానికి 400 డాలర్ల ఫీజు సంగతి మీ మేనేజర్‌తోనే మాట్లాడండి. పేపర్ సూచించింది ఆయనే కాబట్టి అడగడం తేలిక.

నేనైతే ఆగస్టు పెట్టుకుంటాను. రోజుకు గంటన్నర చొప్పున వారానికి ఐదు రోజులు, శనివారం నాలుగు గంటలు. పదహారు వారాలకు 180 గంటలు దాటుతుంది, మీ పునాదికి అది సరిపోతుంది. హ్యాండ్‌బుక్ మీ ఎన్‌సీఈఈఎస్ ఖాతాలో ఉచితంగా దొరుకుతుంది. ప్రింటు తీయకండి, పరీక్షలోలాగే స్క్రీన్ మీద వెతుకుతూ చదవండి. మనం ఒక పేరుతో పిలిచేదాన్ని ఆ పుస్తకం ఇంకో పేరుతో పిలుస్తుంది, ఏ మాట కొడితే ఏ పేజీ వస్తుందో వేళ్లకు అలవాటవ్వాలి. క్యాలిక్యులేటర్ బీటెక్ నాటి క్యాసియో ఎఫ్ఎక్స్ 991 అయినా అనుమతిస్తారు, కొత్తది కొనక్కర్లేదు. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకండి. మొదటి భాగం సబ్మిట్ చేశాక వెనక్కి వెళ్లలేరని మీకు తెలుసు, అయినా గుర్తుచేస్తున్నాను.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. ఎన్‌సీఈఈఎస్ వాళ్లే అమ్మే వాటర్ రిసోర్సెస్ ప్రాక్టీస్ పరీక్ష కొని, ఒక్క పేజీ కూడా చదవకుండా, వచ్చే శనివారం 8 గంటలు గడియారం పెట్టుకుని రాయండి. 80లో 35 దాటితే నేను చెప్పినట్టే సాగిపోండి. అది నా అనుభవం మీద వేసిన అంచనా, అధికారిక పాస్ మార్కు కాదు. 25 కూడా రాకపోతే ఆగస్టును అక్టోబరు తర్వాతికి జరుపుదాం. అంశాలవారీగా ఎన్నొచ్చాయో నాకు రాసి పంపితే, వారాల పంపకం దాన్నిబట్టి వేసి ఇస్తాను.