బీరువా నిండా చీరలున్నా కొనడం ఆగడం లేదు, ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: కడపలో ఉద్యోగం. రెండు బీరువాల నిండా గుడ్డలు. తిప్పి తిప్పి కట్టేవి మాత్రం ఎనిమిదో పదో. అయినా జీతం పడగానే వైవీ స్ట్రీట్‌లోనో ఫోన్‌లోనో ఇంకో రెండు మూడు కొంటున్నారు. కట్టనివన్నీ ఎవరికైనా ఇచ్చేసి బీరువా ఖాళీ చేస్తే ఈ అలవాటు పోతుందా అని.

పోదక్కా. రవికలు కుట్టే పని నాది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా. బీరువా ఖాళీ చేసిన వాళ్ల నుంచే కొన్నాళ్లకు అదే రకం చీరలు, అవే రంగుల్లో, ఫాల్‌కు వస్తుంటాయి. ఎక్కడ తప్పు కొన్నారో చూసుకోకుండా పంచేస్తే చెయ్యి మళ్లీ అక్కడికే పోతుంది. కట్టని చీరల్లోనే మీ జవాబుంది. ముందు వాటి లెక్క చూడండి, ఇచ్చేది తర్వాత.

ఒక సెలవు రోజు పొద్దున చీరలు మాత్రమే బయటికి తీయండి. డ్రెస్సులు ఇంకో వారానికి పెట్టుకోండి. అన్నీ ఒకేసారి తీస్తే రెండు గంటలకే విసుగొచ్చి, 'ఉండనీలే' అని మళ్లీ లోపలికి తోసేస్తారు. సూట్‌కేసులో ఉన్నవి, పార్సిల్ కవరు విప్పనివి, దర్జీ దగ్గర ఆగిపోయినవి కూడా లెక్కలోకి రావాలి. పోయిన ఏడాదిలో ఒక్కసారైనా కట్టినవి పక్కన పెట్టండి. మిగిలినవాటికి నోటుబుక్కులో చీరకో వరుస రాయండి: ఎంతకు కొన్నారు, ఎక్కడ, ఏ పూట, ఎన్నిసార్లు కట్టారు, ఎందుకు కట్టలేదు.

చివరిదే అసలైన గడి. 'ఎందుకో కట్టబుద్ధి కాలేదు' అని రాయొద్దు. తెలియకపోతే చీర చుట్టుకుని అద్దం ముందు పది నిమిషాలు అటూ ఇటూ తిరగండి. కుచ్చిళ్లు నిలవకుండా ఉబ్బుతున్నాయా, అంచు మెడ దగ్గర గుచ్చుకుంటోందా, కొంగు బరువుకు భుజం లాగుతోందా, రంగుకు ముఖం వాడినట్టు కనిపిస్తోందా, కారణం ఒంటి మీదే తేలుతుంది.

నేను చూసినంతలో చాలా చీరలు ఆగిపోయేది రవిక దగ్గరే. చీరలోనే వచ్చిన రవిక గుడ్డ కత్తిరించకుండా ఉంటుంది, లేదంటే కుట్టించిన రవిక బిగుతై ఉంటుంది. బిగుతైనదాన్ని తిప్పి చూడండి. పక్క కుట్టు లోపల రెండు వైపులా అంగుళం మార్జిన్ ఉంటే చుట్టుకొలత మూడు అంగుళాల దాకా వదులు చేయొచ్చు. పట్టు, టిష్యూ రవికలకు మాత్రం పాత కుట్టు విప్పిన చోట సూది రంధ్రాల గీత కనబడుతుంది. అది చంక కిందే పడుతుంది కాబట్టి ఫర్వాలేదు. చెమటకు ఆ చోట బట్ట పొడిబారి, లాగితే చిరిగేలా ఉంటే మాత్రం విప్పించొద్దు, కొత్తది కుట్టించుకోండి. ఇలా రవిక పనితోనే తిరిగి వాడకంలోకి వచ్చేవాటిని ఒక సంచిలో వేసి ఆ వారమే దర్జీకి ఇవ్వండి. వాటిని కట్టిన రోజు కొత్త చీర కొన్న ముచ్చటే తీరుతుంది, ఖర్చు రవిక కూలీతో సరిపోతుంది.

రెండో కారణం మన ఎండలు. మార్చి నుంచి జూన్ దాకా సీమలో సింథటిక్ జార్జెట్, సాటిన్ ఒంటి మీద నిలవవు, చెమట పీల్చవు. ఏసీ అంగట్లో చల్లగా నిలబడి ఎంచుకున్న చీర, నలభై డిగ్రీల ఎండలో బస్సు ఎక్కేటప్పుడు ఎలా ఉంటుందో అక్కడ తెలియదు. మీ నోటుబుక్కులో ఈ గుడ్డ మూడుసార్లు కనిపిస్తే, ఎంత బాగున్నా ఎంత చవకైనా దాన్ని ఇక ముట్టుకోవద్దు.

ఒకే రంగు నాలుగైదు ఉండటం మూడోది. మంచం మీద పక్కపక్కన పరిస్తే అప్పుడే తెలుస్తుంది, మెరూన్‌కు బంగారు అంచు ఎన్ని ఉన్నాయో.

పట్టుచీరలకు ఇంకో లెక్క కావాలి. ఏడాదికి మీరు పట్టు కట్టే సందర్భాలు రాయండి: దగ్గరి పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, వరలక్ష్మీ వ్రతం, దసరా, సంక్రాంతి. అన్నీ కలిపి పది అనుకుందాం. బీరువాలో పాతిక పట్టుచీరలుంటే ఒక్కోదాని వంతు రెండున్నరేళ్లకు గాని రాదు. ధర్మవరం పట్టు అంత కాలం అదే మడతలో పడి ఉంటే మడత వెంబడి జరీ నలిగి పోగులు విరుగుతాయి. ప్లాస్టిక్ కవర్లో తేమ చేరి నల్లబడుతుంది. కలరా ఉండలు నేరుగా జరీకి తగిలినా అంతే. పాత నూలు పంచెలో చుట్టి, మూడు నెలలకోసారి మడత మార్చి పెట్టాలి. ఆ పని పాతిక చీరలకు చేయగలరా? చేయలేనన్ని ఉన్నాయంటే, ఇంకోటి కొనడమంటే పాడవడానికి కొనడమే.

ఇప్పుడు ధర. చీర ధర ఒక్కటే వేయొద్దు. పట్టుచీర 14,000, రవిక 1,500, ఫాల్, పీకో 150, డ్రై క్లీనింగ్ 350, మొత్తం 16,000 అనుకోండి. రెండుసార్లు కట్టారంటే పూటకు 8,000. నూలు చీర 1,200, రవిక 400, ఫాల్ 100, మొత్తం 1,700. దాన్ని 34 సార్లు కట్టి ఉంటే పూటకు 50. ఈ లెక్కతో ఒక మోసం జరుగుతుంది, జాగ్రత్త. అంగట్లో నిలబడి 'దీన్ని ముప్పైసార్లు కడతాలే' అని మనసు చెబుతుంది. ఆ అంకె నమ్మొద్దు. అలాంటి చీరే ఇంట్లో ఉన్నదాన్ని ఎన్నిసార్లు కట్టారో నోటుబుక్కు చూసి, ఆ అంకెతోనే భాగించండి.

'ఏ పూట కొన్నారు' అన్న గడి మొత్తం నిండాక ఒక్కసారి పైనుంచి కిందికి చదవండి. రాత్రి పదిన్నర తర్వాత పడుకుని ఫోన్ చూస్తూ కొన్నవే ఎక్కువుంటే సంగతి చీరలది కాదు, ఆ గంటది. జీతం పడిన మూడు రోజుల్లో కొన్నవే ఎక్కువైతే పొదుపు చీటీ కట్టే తేదీని జీతం మరుసటి రోజుకు మార్చుకోండి. ఇంట్లో మాటామాటా అనుకున్న రోజులే కనిపిస్తే, ఆ రోజు అక్కతోనో స్నేహితురాలితోనో మాట్లాడటం ముందుగానే అనుకుని పెట్టుకోండి. ఆషాఢం తగ్గింపులవే ఎక్కువైతే ఆ నెలంతా అంగడి మెట్లెక్కొద్దు. సగం ధరకు కొని కట్టని చీరకు ఆ సగమూ దండగే.

ఫోన్లో దాచిన కార్డు వివరాలు తీసేయండి. చీరల వాట్సాప్ గ్రూపుల నుంచి బయటికి రండి, మ్యూట్ చేస్తే చాలదు, తెరిస్తే బొమ్మలు అక్కడే ఉంటాయి. క్యాష్ ఆన్ డెలివరీ మంచిదంటారు, నేను ఒప్పుకోను. డబ్బు పోలేదన్న ధైర్యంతో ఆర్డర్ ఇంకా తేలిగ్గా పెడతారు, గుమ్మంలోకి వచ్చిన పార్సిల్‌ను తిప్పి పంపడానికి మొహమాటపడతారు. నచ్చిన చీర ఫోటో తీసి మూడు రోజులు ఆగండి. నాలుగో రోజు ఏ రవికతో, ఏ మూడు సందర్భాలకు కడతారో రాయగలిగితేనే వెళ్లండి.

కొత్తగా కొన్నా కొనకపోయినా, కట్టిన ప్రతిసారీ చీర మడతలో చిన్న కాగితం పెట్టి తేదీ రాయండి. పిన్ను గుచ్చొద్దు, తుప్పు మరక పట్టు మీద పోదు. ఆరు నెలలకు కాగితం లేనివి వాటంతట అవే బయటపడతాయి. అప్పుడు ఇవ్వండి. నూలువి బొంతకు, పట్టు అంచులు పిల్లల పావడాలకు, మంచివి వదినకో మరదలికో వాళ్లు అడిగితేనే. పాత జరీ చీరలు కొనే వాళ్లకు అమ్మితే వచ్చిన డబ్బు అప్పుకో చీటీకో వెళ్లాలి, ఇంకో చీరకు కాదు.

ఇదంతా చేసినా ఆగకపోతే, కొన్న సంచులు ఇంట్లో దాస్తున్నా, బంగారం కుదువపెట్టి చీరలు కొంటున్నా, కొన్న మరుక్షణమే ఏడుపొస్తున్నా, అది నోటుబుక్కుతో తీరేది కాదు. దీనికి మానసిక వైద్యుల దగ్గర చికిత్స ఉంది. ఏ ఆలోచన తర్వాత చెయ్యి కొనడానికి పోతుందో గుర్తించి మార్చుకునే కౌన్సెలింగ్ ఇస్తారు, దిగులు కూడా ఉంటే దానికి మందులిస్తారు. కడప రిమ్స్‌లో మానసిక వైద్య విభాగం ఉంది. బయటికి వెళ్లడం ఇబ్బందైతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. చేసేటప్పుడు ఆ నోటుబుక్కు పక్కన పెట్టుకోండి, వాళ్లు మొదట అడిగేవి చాలావరకు అందులోనే రాసి ఉంటాయి.