ట్యాబ్లెట్‌కు వేరే డేటా ప్లాన్ తీసుకోవాలా?

అవసరం లేదు, సిమ్ పెట్టే వీలున్న ట్యాబ్ అయితే మామూలు ప్రీపెయిడ్ సిమ్ చాలు, లేకపోతే ఫోను హాట్‌స్పాట్ సరిపోతుంది. మన దగ్గర డేటా ధర సిమ్ ప్లాన్‌ను బట్టి ఉంటుంది, పరికరాన్ని బట్టి కాదు. కూకట్‌పల్లి నుంచి మెట్రోలో అమీర్‌పేట కోచింగ్‌కు వెళ్లే విద్యార్థి ఫోనులో రోజుకు 2 జీబీ ప్లాన్ ఉందనుకుందాం. హాట్‌స్పాట్‌తో ట్యాబ్‌లో పాఠం చూస్తే ఆ 2 జీబీలోంచే ఖర్చవుతుంది, అదనపు రుసుము పడదు. కోటా అయిపోతే వేగం సాధారణంగా 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అప్పుడు వీడియో ముందుకు కదలదు. ఇంట్లో వైఫై ఉన్నవారికి రెండో సిమ్ శుద్ధ దండగ. చాలామంది పొరబడేది ఒకటుంది: ట్యాబ్ సిమ్‌కు డేటా వోచర్ (డేటా మాత్రమే ఇచ్చే అదనపు రీఛార్జ్) ఒక్కటే వేస్తే చాలనుకుంటారు. సిమ్‌లో గడువు ఉన్న మూల ప్లాన్ (మామూలు రీఛార్జ్) లేకుండా అలాంటి వోచర్లు చాలావరకు పనిచేయవు.