మార్కర్ మర్చిపోకు అమ్మడూ

అమ్మడూ,

నువ్వు ఎక్స్‌రేలూ స్కాన్‌లూ తియ్యడం నేర్పే ఇమేజింగ్ టెక్నాలజీ కోర్సులో చేరుతున్నావని రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మనింట్లో నా తర్వాత ఇంకొకళ్ళు లెడ్ ఏప్రాన్ వేసుకుంటారనుకోలేదు, సంతోషంతో నిద్ర పట్టలేదు, తెల్లారేసరికి అది కాస్తా బెంగయింది. "ఏఐ వచ్చేస్తోంటే ఇదెందుకే" అంటున్నారట నీ ఫ్రెండ్స్.

ఆ మాట 2016లోనే ఏఐ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ అనేశాడు, మనం తీసిన ఎక్స్‌రేలు చదివే డాక్టర్లకి, అదే రేడియాలజిస్టులకి, ట్రైనింగ్ ఇవ్వడం ఆపేయండి, అయిదేళ్ళలో మెషీన్ వాళ్ళని మించిపోతుందని. ఆయనకి 2024లో నోబెల్ వచ్చింది గానీ రేడియాలజిస్టుల కొరత మాత్రం అలాగే ఉంది. అలాగని మెషీన్ ఉత్తిదేం కాదు. ఛాతీ ఎక్స్‌రేలో టీబీ జాడ పట్టే సాఫ్ట్‌వేర్ వాడొచ్చని 2021లో డబ్ల్యూహెచ్‌ఓనే చెప్పింది. స్వీడన్‌లో 80 వేల మంది ఆడవాళ్ళ మామోగ్రామ్‌లతో (రొమ్ము ఎక్స్‌రేలు) చేసిన ట్రయల్లో, ఏఐ తోడుంటే డాక్టర్లు ఫిల్ములు చదివే పని 44 శాతం తగ్గింది. కొన్ని పనులు పోతాయి, అబద్ధం చెప్పను. ఎక్స్‌రేని కంప్యూటర్లోనే చూపించే సీఆర్ వచ్చాక మా డార్క్‌రూమ్‌కి తాళం పడింది, ఫిల్మ్ కడిగే డెవలపర్ వాసనతో పాటు అక్కడి అసిస్టెంట్ కుర్చీ కూడా పోయింది.

ఒంటికి తగిలిన రేడియేషన్ లెక్క చెప్పే టీఎల్‌డీ బ్యాడ్జ్ తియ్యకు, పిన్నీసుతో ఎంఆర్ఐ గదిలోకి పోకు, ఆడవాళ్ళని కడుపుతో ఉన్నారేమో ముందే అడుగు. ఇవన్నీ కాలేజీలో చెప్తారు.

నా భయం వేరు. 1991లో ఒక నైట్ డ్యూటీ, ఏది కుడో ఏది ఎడమో ఫిల్మ్ మీద పడేలా పెట్టే 'ఆర్', 'ఎల్' సీసం అక్షరాలుంటాయే, ఆ మార్కర్ ఎక్కడో పడిపోయింది, వెతకడానికి బద్ధకమేసి కడుపు ఎక్స్‌రే అలాగే తీసేశా. తడి ఫిల్మ్ ఆరాక స్కెచ్ పెన్నుతో 'ఆర్' అని రాసా, ఫిల్మ్ తిరగేసి పట్టుకున్నానని చూసుకోలేదు. ఎడమ కిడ్నీలో రాయి కుడిపక్కకి వచ్చేసింది. మర్నాడు ఆపరేషన్ టేబుల్ మీద ఆ పెద్దాయన్ని పక్కకి తిప్పి పడుకోబెడుతుంటే "అయ్యా, నొప్పి ఇటు కదా" అన్నాడట. మత్తు ఇంకా ఇవ్వలేదు కాబట్టి సరిపోయింది. సర్జన్ నన్ను పిలిచి తిట్టలేదు, ఆ ఫిల్మ్ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన తిట్టుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆరోజు నుంచి రెండు మార్కర్లూ జేబులోనే, ఆ బరువుకి జేబు కుట్లు ఊడితే కుట్టీ కుట్టీ మీ అత్త విసిగిపోయింది.

ఇప్పుడు ఆ ఫిల్మ్ ఏఐకి ఇచ్చినా రాయిని టక్కున పట్టేసి 'కుడి' అనే రాసేది, దానికేం తెలుసు పాపం, మనం ఏది చూపిస్తే అదేగా. నొప్పి ఎక్కడ తాతా అని అడిగి, ఊపిరి బిగపట్టించి, కదలకుండా చూసుకునేది నువ్వే. స్క్రీన్ మీద గ్రీన్ టిక్ పడింది కదా అని ఫోన్ చూసుకుంటూ కూర్చున్నావో, వచ్చి చెవి మెలేస్తా. సరే, భయపెట్టేస్తున్నాను, నువ్వు జాగ్రత్తపరురాలివే, చిన్నప్పుడు నా ఏప్రాన్ కప్పుకుని బొమ్మకి ఎక్స్‌రే తీసేదానివి.

సీటీ స్కాన్ గట్టిగా నేర్చుకో. నైట్ డ్యూటీలో తిండి మానకు.

నా పాత మార్కర్లు మీ అమ్మతో పంపిస్తున్నా. 'ఎల్' కాస్త వంగింది, ఫిల్మ్ మీద బాగానే పడుతుంది.

మీ మావయ్య