చలనం నేర్పడానికి చుక్కల బొమ్మలు అవసరమా, సూత్రాలు వస్తే చాలదా?

కదిలే వస్తువు సమాన సమయాలకు ఎక్కడెక్కడ ఉందో చుక్కలు పెట్టించి, వాటి మధ్య బాణాలు గీయించడం టైమ్ వేస్ట్ కదా, నేరుగా సూత్రాలు నేర్పితే పోదా అని అడిగారు. పోదు. అసలు సూత్రాలు బాగా వచ్చిన పిల్లలకే ఈ బొమ్మలు ఎక్కువ అవసరం.

మా మేనల్లుడికి చలన సమీకరణాలన్నీ నోటికొచ్చు. పైకి ఎగరేసిన బంతికి పైకొస దగ్గర త్వరణం (వేగం మారే రేటు) ఎంతరా అంటే, "సున్నా మామయ్యా, అక్కడ ఆగిపోతుందిగా" అన్నాడు. వాదించకుండా బంతి ఎగరేయించి ఫోన్‌లో వీడియో తీశాను. సెకనుకు 30 ఫ్రేములు, అంటే ప్రతి మూడో ఫ్రేముకు 0.1 సెకను. కంప్యూటర్ తెర మీద ప్లాస్టిక్ షీటు అంటించి, పైకొస ఫ్రేము నుంచి అటూ ఇటూ మార్కర్‌తో చుక్కలు పెట్టించాను. దిగేటప్పటి చుక్కల్ని కాస్త పక్కకు జరపాలి, లేకపోతే అంతా గజిబిజి.

చుక్క నుంచి చుక్కకు బాణాలు గీశాడు. పైకొసకు ముందుది పైకి, తర్వాతది కిందికి. రెండింటి తోకలూ ఒకచోట పెట్టి, మొదటిదాని మొన నుంచి రెండోదాని మొనకు బాణం గీయమన్నాను. వేగంలో వచ్చిన మార్పు అదే, త్వరణం దిశ కూడా అదే. కిందికే వచ్చింది! మిగతా చోట్ల వచ్చిన తేడా బాణాలూ దాదాపు అంతే పొడవు. నమ్మకం కుదరక స్కేలు పెట్టి మళ్లీ కొలిచాడు. గాలి సంగతి వదిలేస్తే లెక్కా ఇదే: ఎక్కేటప్పుడు 24.5, 14.7, 4.9 సెంటీమీటర్లు, దిగేటప్పుడు 4.9, 14.7, 24.5. ప్రతి అడుగుకీ తేడా కిందికి 9.8, పైకొస దగ్గర కూడా. దిగేటప్పటి దూరాలు 4.9కి 1, 3, 5 రెట్లు; కింద పడే వస్తువుకు ఈ 1, 3, 5 వరసను గెలీలియో 1638లోనే అచ్చువేశాడు.

నాకు ఒళ్లు మండేది ఇంకొకటుంది. త్వరణానికి మైనస్ ఉంటే వడి (దిశ చూడకుండా ఎంత జోరుగా వెళ్తోందో అది) తగ్గుతున్నట్టేనని బట్టీ పట్టిస్తారు. పై దిశను ప్లస్ అనుకుంటే పడే బంతి త్వరణం మైనస్సే, వడి మాత్రం పెరుగుతోంది కదా! మైనస్ మనం పెట్టుకున్నది. వేగం, త్వరణం బాణాలు ఒకేవైపు ఉంటే వడి పెరుగుతుంది, ఎదురెదురుగా ఉంటే తగ్గుతుంది. ఆ రెండు బాణాలనూ ఒకే రంగులో అచ్చువేసే పుస్తకాలు మరీ ఘోరం, పిల్లలు వాటి పొడవులు పోల్చడం మొదలుపెడతారు.

పరీక్షలో బొమ్మకు మార్కులుండవంటారా? వృత్తాకార చలనం వచ్చేదాకా ఆగండి. వడి మారకపోయినా త్వరణం ఎందుకుందో సూత్రం చెప్పదు. అక్కడా బాణాల తోకలు అలాగే కలిపి చూస్తే తేడా బాణం కేంద్రం వైపు తిరుగుతుంది.